గ్రైండర్ కొనడానికి నాలుగేళ్ళు పట్టింది

ఎడిటర్ గారికి నమస్కారాలు,

మొన్న ఆదివారం మీ పేపర్లో విదేశాల్లో సెటిలైన తెలుగువాళ్ళ గురించి ఫుల్ పేజీ వేశారు కదండీ, మా అమ్మకి ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది, కొత్త కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా మొత్తం చదివి, పేపర్ మడతపెట్టి, "ఇందులో మనోళ్ళు ఒక్కరూ లేరేటే" అంది. నేనూ తీసి చూశాను, నిజమే. "ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి" అని మొదలైంది, ఆ ఉభయ రాష్ట్రాలతోనే అయిపోయింది. ఉభయ అంటే రెండే కదా, మరి ఒడిషాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూర్, అటుపక్క మహారాష్ట్రలో సిరోంచ, ఇన్ని చోట్ల ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మేం ఏ ఉభయలోకి వస్తామో మీరే చెప్పాలి. వి.వి.గిరి గారు 1894లో పుట్టింది మా బరంపురంలోనే, ఆయన గురించి రాసేటప్పుడు మాత్రం అందరికీ మా ఊరు గుర్తొస్తుంది, అందుకు సంతోషమే అనుకోండి.

సరే, గొడవ పెట్టుకోడానికి రాస్తున్న ఉత్తరం కాదు ఇది. ఆ పేజీలో రెండు రకాల కథలే ఉన్నాయి, అది చూసి రాయాలనిపించింది. ఒకటేమో ఇంత ప్యాకేజీ, ఇంత ఇల్లు, కారు పక్కన నిలబడి ఫోటో. రెండోది ఊళ్ళో ఒంటరిగా అమ్మానాన్న, వీడియో కాలు, కన్నీళ్ళు. నేను కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్ళో పదేళ్ళ పైనుంచి ఉంటున్నాను, ఈ రెండూ నాకూ కొంచెం కొంచెం తెలుసు, కానీ నా రోజులు వీటిలో గడవలేదు. మీరు నన్ను అడిగి ఉంటే నేను ఒక గ్రైండర్ గురించి చెప్పేదాన్ని. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరేనండీ. దానికి ముందు మా మామ్మ సంగతి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు.

మా మామ్మ పుట్టింది రంగంలో. ఇప్పటి పిల్లలకి రంగం అంటే తెలీదు, రంగూన్, బర్మా. అప్పట్లో మా గంజాం వాళ్ళు గోపాల్‌పూర్లో స్టీమర్ ఎక్కి రంగం వెళ్ళేవారు, బియ్యం మిల్లుల్లో పనికి, రేవులో మూటలు మొయ్యడానికి, ఇప్పుడు గల్ఫ్ వెళ్తున్నారే అలాగ. మామ్మ వాళ్ళ నాన్న వెళ్ళినప్పుడు మా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది, ఆయన తిరిగొచ్చేసరికి ఇల్లు ఉన్నచోటే ఉంది గానీ రాష్ట్రం మారిపోయింది. మనిషి దేశం దాటొచ్చేలోపు ఊరు కూడా కూర్చున్నచోటే ఒక ప్రయాణం చేసేసింది అని మా నాన్న నవ్వేవారు.

ఆ తిరిగి రావడం కూడా మామూలుగా జరగలేదు. 1941 డిసెంబర్లో జపాన్ వాళ్ళు రంగం మీద బాంబులేశారు, స్టీమర్లు దొరక్క లక్షల మంది మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చారు, మామ్మకి అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. దారిలో ఎవరెవరు ఉండిపోయారో ఆవిడ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, అడిగితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక్క బీరువా గురించి మాత్రం ఎన్నిసార్లడిగినా చెప్పేది. వాళ్ళ నాన్న అక్కడ బర్మా టేకుతో బీరువా చేయించాడంట, తలుపుకి నిలువుటద్దం, ఇత్తడి పిడి, వీధి వీధంతా వచ్చి చూసెళ్ళారంట. చేయించి ఏడాది తిరక్కుండా దాన్ని వదిలేసి రావాల్సొచ్చింది. తాళంచెవి మాత్రం మొలతాడుకి కట్టుకుని అంత దూరం నడిచొచ్చాడు.

అందుకని మా ఇంట్లో ఒక మాట ఉండేది, "మోయలేనిది కొనకు". మామ్మ పెళ్ళిలో మంచం ఇస్తామన్నా వద్దందంట, బతికినన్నాళ్ళూ చాప, రెండు రేకు పెట్టెలు, అంతే. మా అమ్మ ఫ్రిజ్ కొన్నప్పుడు మూడు రోజులు అలిగింది, అమ్మ మీద కాదు, ఫ్రిజ్ మీద, దాని పక్కనుంచి కూడా నడిచేది కాదు, పెరట్లోంచి చుట్టూ తిరిగి వచ్చేది. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ మాట నా ఒంట్లోకి ఎంత దిగిపోయిందో నాకు ఎడ్మంటన్ వెళ్ళాక గానీ తెలీలేదు.

2014 సెప్టెంబర్లో దిగాం, నేనూ, మా ఆయనా, ఐదేళ్ళ పాపా. మా ఆయన రాయగడ వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు, ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టా రాష్ట్రం అంటే ఆయిల్, ఆయిల్ అంటే ఉద్యోగాలు అని ఎవరో చెప్తే నమ్మి వెళ్ళాం. ఆ ఏడు జూన్లో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్నది, మేం దిగి నాలుగు నెలలు తిరిగేసరికి జనవరికల్లా యాభై లోపుకి పడిపోయింది. పదేళ్ళ నుంచి చేస్తున్నవాళ్ళనే ఇంటికి పంపించేస్తుంటే మమ్మల్నెవరు పిలుస్తారు. ఆయన ఒక బ్రెడ్డు గోడౌన్లో నైట్ షిఫ్టు, ట్రేలు ఎత్తే పని. లైసెన్సు లేకుండా అక్కడ పేరు పక్కన ఇంజనీర్ అని రాసుకోకూడదు, ఆ లైసెన్సు ఇప్పట్లో తేలే పని కాదు, సరే అని బాయిలర్లు చూసుకునే సర్టిఫికెట్‌కి చదివారు, దాన్ని ఫోర్త్ క్లాస్ పవర్ ఇంజనీర్ అంటారు, అక్కడ లెక్క కిందనుంచి పైకి, ఫస్ట్ క్లాస్ అన్నిటికంటే పైది. అది పాసైన రోజు మా నాన్న సంతోషం పట్టలేక వీధంతా తిరిగి "మా అల్లుడు ఫోర్త్ క్లాసు పాసయ్యాడు" అని చెప్పొచ్చారు. ఎదురింటి వాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నవ్వుతారు.

నేను ఇక్కడ ప్రైవేట్ స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, అక్కడ 45 గంటల కోర్సు చేసి డేకేర్‌లో చేరాను. ఇందులో బాధపడేది ఏముంది, జీతం వస్తోంది, పాపకి స్కూల్ బాగుంది. నేను చెప్పాలనుకుంటున్నది ఇంట్లో మేం ఎలా ఉండేవాళ్ళమో అది. పరుపు నేల మీద. మడత టేబుల్, మడత కుర్చీలు. టీవీ కొన్నాం గానీ దాని అట్టపెట్టె, అందులో థర్మకోల్ ముక్కలు, ఒక్కటీ పారెయ్యలేదు, బట్టల అల్మరా సగం ఈ ఖాళీ డబ్బాలే, తిరిగెళ్ళేటప్పుడు ప్యాకింగ్‌కి పనికొస్తాయని. గోడకి ఒక్క మేకు కొట్టలేదు, అత్తగారూ మావగారి ఫోటో నేలమీదే గోడకి ఆనించి ఉండేది, దేవుడి పటాలు ఒక డబ్బా మీద. ఎప్పుడు వెళ్ళిపోతాం అని ఎవరైనా అడిగితే ఇంకో రెండేళ్ళు చూద్దాం అనేవాళ్ళం, ఆ రెండేళ్ళు అయిపోతే మళ్ళీ రెండేళ్ళు. మోసం చేసుకుంటున్నాం అని కూడా అనిపించలేదు, జాగ్రత్తగా ఉన్నాం అనిపించేది.

మిక్సీ ఇక్కడిదే పట్టుకెళ్ళాం. ఇక్కడ 230 వోల్టులు, అక్కడ 120, మధ్యలో కన్వర్టర్ డబ్బా పెట్టి నడిపితే మూడో నెలలో మినప్పప్పు రుబ్బుతుంటే పొగలొచ్చి ఆగిపోయింది, పొగ అలారం మోగి బిల్డింగ్ మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. తర్వాత బ్లెండర్లో రుబ్బేదాన్ని, పిండి వేడెక్కిపోయేది, ఆపైన ఆ చలికి పులిసేది కాదు, ఇడ్లీలు గట్టిగా గోడకేసి కొడితే పెచ్చు ఊడేలా ఉండేవి. మా ఇంటికి దగ్గర్లో ఒక గుజరాతీ ఆయన కొట్టు ఉంది, అందులో 110 వోల్టుల టేబుల్‌టాప్ గ్రైండర్ పై అరలో ఉండేది. ప్రతి శనివారం కందిపప్పుకి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని. డబ్బా మీద బరువు రాసుంటుంది, పన్నెండు కిలోలు. అది చదివి, బ్లెండర్ ఉందిగా చాల్లే అనుకుని వచ్చేసేదాన్ని. రేటు కూడా ఒక కారణమే, దాచడం ఎందుకు, కానీ రేటు ఒకసారి తగ్గించినా కొనలేదు.

డేకేర్ సంగతి కొంచెం చెప్తాను, మీ పేపర్లో ఇలాంటివి రావు కాబట్టి. డిసెంబర్లో ఎడ్మంటన్లో పొద్దున్న తొమ్మిది అవుతుండగా తెల్లారుతుంది, సాయంత్రం నాలుగుంబావుకి సూర్యుడు వెళ్ళిపోతాడు, పిల్లలు చీకట్లో వచ్చి చీకట్లో వెళ్తారు. మరీ మైనస్ ఇరవై దాటితే తప్ప రోజూ కాసేపు బయటికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళాలంటే ముందు తొడగాలి కదా. ఒక్కో పిల్లకి మంచు ప్యాంటు, దాని మీద బూట్లు, మెడకి గొట్టం లాంటి స్కార్ఫు, తర్వాత జాకెట్టు, టోపీ, ఆఖర్న చేతి తొడుగులు, ఈ వరస తప్పితే మళ్ళీ అన్నీ విప్పాలి, ఎందుకంటే చేతి తొడుగులు ముందు వేసేస్తే వాళ్ళు జిప్పు పట్టుకోలేరు, నేను వేలు పెట్టలేను. అలా ఎనిమిది మందికి తొడిగి చెమటలు కక్కుతూ తలుపు తీసే టైంకి మొదటివాడు టాయిలెట్ అంటాడు. నేను బరంపురం ఎండల్లో పెరిగినదాన్ని, మైనస్ పాతిక్కి ఒళ్ళంతా చెమటతో నిలబడిన రోజులు ఎన్నో. మొదటి చలికాలం రోజూ ఏడ్చాను, రెండోసారికి వరస వచ్చేసింది, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి నేనే నేర్పిస్తాను.

2015 చివర్లో, 2016 మొదట్లో సిరియా నుంచి కుటుంబాలు వచ్చాయి, ఫిబ్రవరి ఆఖరికి పాతిక వేల మందిని తీసుకుంది కెనడా. మా డేకేర్‌కి వాళ్ళలో ఒక బాబు వచ్చాడు, మూడున్నరేళ్ళుంటాయి. ఏడవలేదు. జాకెట్టు విప్పలేదు. లోపల హీటర్ వేసి ఉంటుంది, మిగతా పిల్లలు పొట్టిచేతుల చొక్కాలతో తిరుగుతున్నారు, వీడు జిప్పు మెడదాకా లాక్కుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. మా సూపర్‌వైజర్ విప్పమంది, ఒంట్లో వేడెక్కిపోతుంది కదా, ఆవిడ తప్పేం లేదు. నేను ఉండనిద్దాం అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణంలో నాకూ తెలీదు, జిప్పు కాస్త కిందకి లాగి గాలి ఆడేలా చేసి వదిలేశాను. నా ఇంగ్లీషు బుజ్జగించడానికి పనికొచ్చే ఇంగ్లీషు కాదప్పటికి, వాడికి ఎలాగూ రాదు, అందుకని తెలుగులోనే మాట్లాడేదాన్ని, "ఏరా బాబూ, పాలు తాగుతావా, అరటిపండు తింటావా" అని. వాడు అరబీలో ఏదో అనేవాడు. మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

వాణ్ణి చూస్తే నా మొదటి రోజు స్కూలు గుర్తొచ్చేది. మా వీధి పిల్లలు కొందరు తెలుగు మీడియంలో చేరేవారు, నాన్న మాత్రం ఈ రాష్ట్రంలో ఉద్యోగం రావాలంటే ఒడియా రావాల్సిందే అని నన్ను ఒడియా మీడియంలో వేశారు. నాకు ఒక్క ముక్క రాదు. టీచర్ వంగి "తో నా కొణ" అంది. నీ పేరేంటి అని. నాకు వినపడింది "నా" ఒక్కటే, మనకి నా అంటే నాది కదా, ఏదో నీదేంటి చూపించు అంటోంది అనుకుని పలక పైకెత్తి "నా పలక" అన్నాను. క్లాసంతా నవ్వారు, టీచర్ రిజిస్టర్లో ఏం రాసుకుందో తెలీదు గానీ ఐదో క్లాసు దాకా నన్ను పొలొక అనే పిలిచారు. ఆ తర్వాత ఒడియాలో వ్యాసరచన ఫస్ట్ ప్రైజులు కూడా తెచ్చుకున్నాను, అది వేరే సంగతి.

ఆ బాబు మార్చిలో ఒకరోజు పొద్దున్న వచ్చి, ఎవరూ చెప్పకుండానే జిప్పు లాగి, జాకెట్టు విప్పి, వాడి ఫోటో అంటించి ఉన్న కొక్కెం దగ్గరికెళ్ళి తగిలించాడు. రెండుసార్లు జారి పడిపోయింది. మూడోసారి నిలబడింది. నేను చూడనట్టు బొమ్మలు సర్దుకుంటూ ఉండిపోయాను, చూస్తే ఎక్కడ మళ్ళీ వేసేసుకుంటాడో అని భయం.

అదే రోజు వెళ్ళి గ్రైండర్ కొనేశాను అని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అలా జరగలేదు. ఇంకా రెండున్నరేళ్ళు పట్టింది.

ఈలోగా తెలుగు వాళ్ళ దగ్గరికి వెళ్ళాం, ఉగాదికి ఒక సంఘం వాళ్ళ ఫంక్షను. మెంబర్‌షిప్ ఫారంలో మీది ఏ రాష్ట్రం అని రెండు గళ్ళు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మూడోది లేదు. టేబుల్ దగ్గర కూర్చున్నాయనకి ఒడిషా అండి అంటే "అయ్యో, తెలుగు భలే నేర్చుకున్నారే" అన్నాడు. తర్వాత భోజనాల దగ్గర నేను "ఇదేటి కూర" అన్నానని ఒకావిడ పక్కావిడతో నవ్వింది. నాకు మంట పుట్టింది, నిజం చెప్తున్నాను. ఏటా ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవం అని మీరూ స్పెషల్ పేజీ వేస్తారు, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, జనం మాట్లాడే తెలుగే రాయాలి అని పోరాడినాయన పంతులుగా పనిచేసి అంత వయసూ గడిపింది పర్లాకిమిడిలో కాదా, ఆ పర్లాకిమిడి ఇవాళ ఏ రాష్ట్రంలో ఉంది. ఇవన్నీ నాకు ఇంటికొచ్చాక, గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చాయి, అక్కడ మాత్రం నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు వాళ్ళలోనే నాకు మంచి స్నేహితులున్నారు, ఆ నవ్వినావిడ నా కాన్పుకి నెలరోజులు భోజనం పంపింది, కాబట్టి దీన్ని ఎక్కువ లాగను. ఆ గడి మాత్రం ఇంకా పెట్టలేదు.

2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను. 11వ తారీకు తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మాకు అప్పుడు 10 సాయంత్రం, నేను డేకేర్ నుంచి బస్సులో వస్తూ ఫోన్లో చూస్తున్నాను. ఇచ్ఛాపురం, గోపాల్‌పూర్, గజపతి జిల్లా, అన్నీ మన పేర్లే. అమ్మానాన్నకి ఫోను కలవలేదు. ఆ రాత్రి కలవలేదు, మర్నాడూ కలవలేదు. సూట్‌కేస్ తీసి నేలమీద తెరిచి పెట్టాను, బట్టలు పెట్టాను, లాప్‌టాప్‌లో టికెట్లు వెతుకుతున్నాను, మా ఆయన వెనక నిలబడి "రిటర్న్ ఎప్పటికి చూస్తున్నావు" అన్నారు. నేను చూసుకున్నాను, 28 అని పెట్టి ఉంది. నేనే పెట్టాను. పాప స్కూల్లో పేరెంట్ మీటింగు, నా షిఫ్టులు, కారుకి చలికాలం టైర్లు మార్పించాల్సిన డేటు, అన్నీ లెక్కేసుకుని వెనక్కి వచ్చే రోజు 28 అని వేలు దానంతటదే నొక్కేసింది. నాలుగేళ్ళ నుంచి మేం వెనక్కి వెళ్ళిపోతాం అంటే బరంపురానికి అని, ఎప్పుడు తిరగబడిందో తెలీదు, ఇప్పుడు వెనక్కి అంటే ఎడ్మంటన్‌కి.

మూడో రోజు ఫోను కలిసింది. నాన్న మొదటి మాట, "పెరట్లో కొబ్బరిచెట్టు పడిపోయిందమ్మా, మీ అమ్మ బాగుంది, అక్కడ మంచు మొదలైందా". టికెట్ కొనలేదు. సూట్‌కేస్ మళ్ళీ సర్ది లోపల పెడదామని అల్మరా తీస్తే పెట్టడానికి చోటు లేదు, అంతా ఆ ఖాళీ డబ్బాలే. థర్మకోల్ ఎండిపోయి పొడి పొడిగా రాలుతోంది. ఆ శనివారం మొత్తం చించి రీసైక్లింగ్ డబ్బాలో వేసి, అట్నుంచి అటే గుజరాతీ కొట్టుకి వెళ్ళాను. ఆయన నిచ్చెన వేసి దించుతూ, "ఇన్నాళ్ళకి" అన్నాడు హిందీలో, అంటే నేను చూసి వెళ్ళిపోవడం ఆయనా చూస్తూనే ఉన్నాడన్నమాట.

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నారు, లేపబుద్ధి కాలేదు, తొమ్మిదేళ్ళ పిల్లా నేనూ చెరో పక్క పట్టుకుని, ఒక్కో మలుపు దగ్గర దించుకుంటూ ఎక్కించాం. పాప మధ్యలో "అమ్మా, ఇంత బరువు, మనం ఇల్లు మారితే ఎలా" అంది. ఈ మాట దీనికెవరు నేర్పారో అనుకున్నాను, నేర్పిందెవరో తెలిసి కూడా.

రాత్రి పిండి రుబ్బి, ఓవెన్ వెయ్యకుండా లోపలి లైటు ఒక్కటే వేసి గిన్నె అందులో పెట్టాను, చలి దేశంలో ఉన్నవాళ్ళందరికీ ఈ చిట్కా తెలుసు. పొద్దున్నకి పిండి గిన్నె దాటి పొంగి ఓవెన్ అంతా కారింది. ఇడ్లీలు ఎలా వచ్చాయో చెప్పను, దిష్టి తగులుతుంది. పక్క ఫ్లాట్ ఫిలిప్పీన్స్ ఆవిడకి ఇస్తే వాళ్ళ ఇంట్లో చేసే బియ్యప్పిండి కేకులా ఉందంది, పంచదార అద్దుకుని తింది. ఆ నెలలోనే గోడకి మేకులు కొట్టాం, తర్వాత మంచం, తర్వాత సోఫా, అవన్నీ గుర్తు కూడా లేవు.

2021 మే గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఏప్రిల్ 22 నుంచి కెనడా ఇండియా విమానాలు ఆపేసింది, మే నెలలో నాన్న పోయారు. ఫోన్లో చూశాను. గోడకి తగిలించడానికి మేకు ఉంది అప్పటికి.

మా ఆయన, పెద్ద పాప కెనడా సిటిజన్లు అయ్యారు, ఐదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉంటే అప్లై చెయ్యొచ్చు, నాకు ఎప్పుడో నిండిపోయాయి. నేను చెయ్యలేదు. రెండు దేశాల పౌరసత్వం మన దేశం ఒప్పుకోదు కదా, ఇండియా పాస్‌పోర్టు ఇచ్చేసి, విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళు వచ్చిపోవడానికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి, చాలామంది తీసుకున్నారు, హాయిగా వచ్చిపోతున్నారు, అందులో తప్పేమీ లేదు. ఫారం నింపి సొరుగులో పెట్టాను. గ్రైండర్ కొన్నావు కదా ఇంకేంటి అని మా ఆయన ఏడిపిస్తారు. ఐదేళ్ళకోసారి పీఆర్ కార్డు, అంటే అక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే కార్డు, రెన్యువల్‌కి డబ్బు కడుతూ ఉంటాను.

ఇప్పుడు అమ్మ కళ్ళ ఆపరేషన్ కోసం వచ్చాను, బుఢీ ఠాకురాణి యాత్రకి కలిసొచ్చేలా చూసుకుని మరీ వచ్చాను. బయటివాళ్ళ కోసం చెప్తున్నాను, మా ఊళ్ళో అమ్మవారు రెండేళ్ళకోసారి గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లంటే దేశీబెహెరా వీధిలో, మన తెలుగు నేతవాళ్ళ పెద్ద ఇల్లే ఆవిడకి తండ్రిల్లు. దాదాపు నెల రోజులు ఉంటుంది, రాత్రిళ్ళు ఘటాలు వీధులు తిరుగుతాయి, మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు, మా అరుగు మీద కూర్చుంటే డప్పులకి గుండె అదురుతుంది. ఒడియా వాళ్ళూ తెలుగు వాళ్ళూ అందరూ మొక్కుతారు, ఆవిడ ఏ భాషలో వింటుందో ఎవరూ అడగలేదు. చివరి రోజు అమ్మవారిని మళ్ళీ గుడికి పంపించేటప్పుడు మా అమ్మ ఏటా, అంటే రెండేళ్ళకోసారి, ఏడుస్తుంది. చిన్నప్పుడు అమ్మవారి గుడి ఈ ఊళ్ళోనే కదా, పిలిస్తే పలికేంత దూరం, ఇంత ఏడుపెందుకు అనుకునేదాన్ని.

గురువారం నా ఫ్లైటు. రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. అమ్మ అప్పడాలు, వడియాలు, రెండు రకాల ఆవకాయ పెట్టింది, నిన్న మధ్యాహ్నం వీధి చివర కిరాణా కొట్టు కుర్రాడి దగ్గర కాటా తెచ్చి తూచాం, సరిగ్గా సరిపోయింది. సరిపోయాక అమ్మ అటక మీంచి ఒక గుడ్డమూట దింపించింది. మామ్మ కల్వం. నల్లరాయిది, గుండు కూడా అలాగే ఉంది, అంచు ఒకచోట చిన్నగా విరిగింది. జన్మంతా చాప తప్ప మంచం ఎరగని మనిషికి ఇంత రాయి ఎక్కడిదని అడిగాను. ఎక్కడ కొందో ఎప్పుడు కొందో అమ్మకీ తెలీదంట, పెళ్ళై వచ్చేసరికే ఉందంట.

"మోయలేనిది కొనకు అనేది కదే" అన్నాను.

"ఆవిడ సెప్పినవన్నీ ఆవిడ సేసిందేటి" అంది అమ్మ, కాటా మీద పెడుతూ.

ఆరు కిలోల రెండొందలు. అప్పడాలు, వడియాలు, ఒక ఆవకాయ సీసా తీసి పక్కన పెట్టాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిషా
(గురువారం దాకా)